మన హైదరాబాద్ హబీబ్

మా నాన్న బతికుండగా హైదరాబాద్ చూడలేదు. ఆయనది శ్రీకాకుళం జిల్లాలో, సోంపేట దగ్గర ఒక పల్లె. పద్దెనిమిదేళ్ళ వయసులో పలాసలో రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగాడు. రైల్వే వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరి ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. సెలవు దొరికితే సొంతూరు, మొక్కుంటే సింహాచలం. అంతకు మించి కిందికి దిగిన మనిషి కాదు. అయినా ఫుట్‌బాల్ మాటొచ్చిందంటే చాలు, "మన హైదరాబాద్ వాళ్ళు" అనేవాడు, తనేదో చార్మినార్ పక్క సందులో పుట్టి పెరిగినట్టు.

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళకి కొదవ లేదు. మథురాకాటీలో మా లైను క్వార్టర్లలో సగానికి సగం మనవాళ్ళే. చదువు తెలుగు మీడియం, వాకిట్లో ముగ్గులు, వేసవిలో అమ్మవారి ఘటాలు. కానీ గోల్‌బజార్ దాకా వెళ్తే మనం ఎవరమయ్యా అంటే "మద్రాజీ"లం. బెంగాలీ వాళ్ళకి రవీంద్రుడున్నాడు, రసగుల్లా ఉంది, అన్నిటికీ మించి ఫుట్‌బాల్ ఉంది. మేం ఏం చెప్పుకోవాలి? ఆ లోటు తీర్చినవాడు హబీబ్. మహమ్మద్ హబీబ్, కలకత్తా క్లబ్బులకి ఆడిన హైదరాబాద్ ఫుట్‌బాలర్. శ్రీకాకుళం వాళ్ళం, ఉర్దూ ముక్క రానివాళ్ళం, ఆయన్ని మా ఇంటి కుర్రాడిలా భుజానికెత్తుకున్నాం.

మా పక్క క్వార్టర్ కాకూ గారిది బారిసాల్, ఇప్పటి బంగ్లాదేశ్‌లోది. దేశ విభజనప్పుడు ఇటొచ్చిన కుటుంబం. అంటే చెప్పక్కర్లేదు, రక్తం ఎరుపు పసుపు, కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు ఈస్ట్ బెంగాల్ రంగులు. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంత్రం వాళ్ళింట్లో ఇలిశ చేప ఆవపిండి పెట్టి వండేవాళ్ళు. మన పులసే అది, కాకపోతే గోదావరిది కాదు. గిన్నెడు మా ఇంటికీ వచ్చేది. దాని ప్రత్యర్థి క్లబ్బు మోహన్ బగాన్ గెలిస్తే ఎదురు లైనులో రొయ్యలు. ఏ క్లబ్బు గెలిచిందో పేపరు చూడక్కర్లేదు, మార్కెట్‌కి పోయి ఏ చేప ధర పెరిగిందో చూస్తే తెలిసేది.

నాకు హబీబ్ పేరు మొదట రేడియోలో పరిచయం. నాది 1963లో పుట్టుక. పదేళ్ళ వయసుకి ఆకాశవాణి కలకత్తా బెంగాలీ కామెంటరీ నాకు జోలపాట లాంటిది. అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ గొంతులు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఒకాయన నింపాదిగా మొదలుపెట్టి, బంతి పెనాల్టీ ఏరియా దగ్గరికొచ్చేసరికి ఊపిరి అందనట్టు అరిచేవాడు. ఆ అరుపులో "హబీబ్" అన్న మాట వినపడగానే నాన్న చేతిలో టీ గ్లాసు గాల్లో ఆగిపోయేది. అమ్మ మాత్రం వంటింట్లోంచి, "ఆడెవడో పరిగెడితే మీకెందుకండీ ఆయాసం?" అనేది.

వర్క్‌షాప్‌లో నాన్నకి ఒక హైదరాబాదీ టర్నర్ స్నేహితుడు ఉండేవాడు. మేం చాచా అని పిలిచేవాళ్ళం. ఆదివారం మా ఇంటికొచ్చి, అరుగు మీద కాళ్ళు మడుచుకు కూర్చుని, ఉప్మా తింటూ కథలు చెప్పేవాడు. ఆయన కథల్లో దేవుడు రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. ఒక బడి పంతులు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన కోచింగ్‌లోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చింది. ఆ మరుసటేడే, 1963 జూన్‌లో, క్యాన్సర్‌తో పోయాడు. రహీం సాబ్ ఎడమకాలితో మాత్రమే ఆడాలని రూలు పెట్టి కుర్రాళ్ళకి టోర్నమెంట్లు నడిపేవాడని చాచా చెప్పినప్పుడు, నేనూ మా తమ్ముడూ మూడు రోజులు ఎడమకాలితోనే తన్నుకుంటూ తిరిగాం. నాలుగో రోజు కాకూ గారి తులసి కుండీ పగిలింది. తన్నింది నేనే, తన్నులు తిన్నది మా తమ్ముడు.

నాన్నకి చాచా చెప్పకముందే ఒక హీరో ఉన్నాడు. తులసీదాస్ బలరాం, సికింద్రాబాద్ అమ్ముగూడ మనిషి. 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వచ్చాడు. పెళ్ళి కాక ముందు నాన్న రైల్వే పాసు మీద కలకత్తా వెళ్ళి ఆయన ఆట చూసేవాడట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టినవాడు బలరాం. ఊపిరితిత్తుల జబ్బు చేసి ముప్పై నిండకుండానే ఆట మానేయాల్సి వచ్చింది. ఆ సంగతి చెప్పేటప్పుడు నాన్న గొంతు మారిపోయేది. బలరాం వెళ్ళిపోయిన మూడేళ్ళకి, 1966లో, హైదరాబాద్ నుంచి ఈస్ట్ బెంగాల్‌కి మళ్ళీ కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళలో సయ్యద్ నయీముద్దీన్ ఒకడు, వెనకాల గోడలా నిలబడే డిఫెండర్. రెండోవాడు ఇంకా పదిహేడేళ్ళు కూడా నిండని హబీబ్. రహీం సాబ్ పోయేనాటికి ఈ కుర్రాడికి పద్నాలుగు నిండలేదు. కానీ ఆయన తయారుచేసి వెళ్ళిన గాలి ఉందే, హైదరాబాద్ మైదానాల్లో ఆ గాలి పీల్చే పెరిగాడు. చాచా అయితే ఇంకో మాటనేవాడు, ఆ ఇంట్లో అన్నదమ్ములందరికీ పాలతో పాటు ఫుట్‌బాల్ కూడా పట్టారని. తమ్ముడు అక్బర్ కూడా తర్వాత కలకత్తా వచ్చి అన్న పక్కనే ఆడాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రైల్వే కాలనీలో పెరిగినవాడికి ఉద్యోగం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. క్వార్టర్, పాసు, పెన్షన్. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళంతా ఎక్కడో ఒకచోట ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు. రైల్వేనో, కస్టమ్సో, బ్యాంకో. ఆట నాలుగు రోజులది, నౌకరీ జీవితానికి. పొద్దున ప్రాక్టీసు, తర్వాత ఆఫీసులో హాజరు వేసి కుర్చీకి కోటు తగిలించడం. ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. హబీబ్ మాత్రం ఉద్యోగం వద్దనుకున్నాడు. ఆటే నా పని, దాని మీదే బతుకుతాను అన్నాడు. మన దేశంలో మొదటి అసలైన ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్ని ఇప్పటికీ అంటున్నది అందుకే.

ఈ వార్త మా అరుగు మీదకి ఎలా చేరిందో గుర్తులేదు కానీ, చేరిన రోజు బాగా గుర్తు. చాచా చెప్పడం ఆపాడు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏటీ, ఉజ్జోగం వద్దన్నాడా?" అన్నాడు. ఇంకాసేపాగి, "కాలు విరిగితేనో?" అన్నాడు. అమ్మ లోపలి నుంచి, "పెళ్ళికి పిల్లనెవరిస్తారు?" అంది. మా ముగ్గురు పెద్దవాళ్ళకీ అది ధైర్యమో పిచ్చో తేలలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వర్క్‌షాప్ సైరన్ మోగకుండా కూడా ఒక మనిషి పొద్దున లేచి పనికి వెళ్ళొచ్చని, ఆ పని బంతి తన్నడం కావచ్చని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు.

ఇంతకీ ఆ పని ఎలా చేశాడయ్యా అంటే, 1969లో బెంగాల్ తరఫున రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ ఆడి 11 గోల్స్ కొట్టాడు, టోర్నమెంటులో అందరికన్నా ఎక్కువ. 1970లో ఈస్ట్ బెంగాల్, బెంగాల్ ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్‌ఏ నడిపే షీల్డ్ ఫైనల్లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ టెహరాన్ జట్టుని 1-0తో ఓడించినప్పుడు ఆ జట్టులో ఉన్నాడు. అదే ఏడు బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో నయీముద్దీన్ కెప్టెన్సీలో మన దేశం జపాన్‌ని ఓడించి కాంస్యం తెచ్చింది. అందులోనూ హబీబ్ ఉన్నాడు. ఆ తర్వాత ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్లో మనకి ఇంకో పతకం రాలేదు. 1970 నుంచి 1974 దాకా అన్నేళ్ళూ కలకత్తా లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే, అన్నేళ్ళూ హబీబ్ అక్కడే. ఆ ఐదేళ్ళూ మా ఇంటికి ఇలిశ చేప గిన్నెలు ఎన్నొచ్చాయో లెక్కలేదు. 1973లో ఉత్తర కొరియా నుంచి వచ్చిన ప్యాంగ్యాంగ్ జట్టుని షీల్డ్ ఫైనల్లో కొట్టిన రాత్రి కాకూ గారు మా నాన్నని కౌగిలించుకుని, మీ హైదరాబాద్ వాళ్ళు మా వాళ్ళే అన్నాడు. నాన్న మురిసిపోయాడు. చాచా పక్కనే ఉన్నాడు, అసలు హైదరాబాద్ మనిషి. ఆయన్ని ఎవరూ కౌగిలించుకోలేదు.

1976లో పెద్ద చిక్కొచ్చి పడింది. హబీబ్, అక్బర్ ఇద్దరూ మోహన్ బగాన్‌లో చేరారు. కలకత్తాలో అప్పట్లో ఆటగాళ్ళ బదిలీలంటే సంతకాలయ్యేదాకా ఆటగాణ్ణి ఇంకో క్లబ్బు వాళ్ళకి కనపడకుండా దాచేసేంత గోల. ఆ గోలంతా అయ్యాక మాకు అర్థమైంది, మా ఇంటి పార్టీ కూడా మారిందని. నాన్న ఏ మాత్రం తడుముకోలేదు. "మనం క్లబ్బు మనుషులం కాదురా, హబీబ్ మనుషులం," అన్నాడు. కాకూ గారికి ఆ తేడా అర్థం కాలేదు. ఆ ఏడు లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ మీద మ్యాచ్ మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోల్ కొట్టాడు. నేను ఆ గోల్ వినలేదు. మా మర్ఫీ రేడియోకి స్టేషన్ సరిగ్గా కుదరక నాన్న దాని నెత్తి మీద కొడుతున్నాడు. గరగర ఆగి గొంతు తేలేసరికి గోల్ అయిపోయింది, కామెంటేటర్ చెప్పేదీ, జనం అరుపూ కలిసిపోయి ఎవరు కొట్టారో తెలియలేదు. పక్క క్వార్టర్ నుంచి చప్పుడు లేకపోయేసరికి తెలిసింది. ఆ ఏడు లీగ్ మోహన్ బగాన్‌కి పోయింది. కాకూ గారు నాన్నతో రెండు వారాలు మాట్లాడలేదు. ఇలిశ చేప గిన్నె ఆ ఏడాది మొత్తం రాలేదు, అమ్మ మాత్రం దసరాకి బొబ్బట్లు పంపించింది.

1977 సెప్టెంబర్ 24. ఈ తేదీ నాకు మా పెళ్ళిరోజు కన్నా బాగా గుర్తుంటుంది, దీని మీద ఇంట్లో ఇప్పటికీ మాట పడుతుంటాను. పెలే కలకత్తా వచ్చాడు. న్యూయార్క్ కాస్మోస్ జట్టుకీ మోహన్ బగాన్‌కీ ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్. టికెట్ మా బోటి వాళ్ళకి కలలో మాట. గోల్‌బజార్‌లో ఒక దుకాణం ముందు పెద్ద రేడియో పెట్టారు. వాన పడి అక్కడ గ్రౌండంతా బురదని చెప్తున్నారు, ఇక్కడ మా కాళ్ళ కింద కూడా బురదే. జనం ఎంత ఉన్నారంటే సైకిలు స్టాండు వేసే చోటు కూడా లేదు. నేను నాన్న భుజం పట్టుకుని ఒక కొబ్బరికాయల బస్తా మీద నించున్నాను.

మోహన్ బగాన్ ఆటగాళ్ళు పెలే పేరు వినే సగం చచ్చిపోయి ఉంటే, హబీబ్ ఒక్కడే, ఆయనా ఆటగాడే మనమూ ఆటగాళ్ళమే అన్నాడని తర్వాత క్లబ్బులుండే కలకత్తా మైదాన్‌లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. కథ సంగతి ఎలా ఉన్నా ఆట మాత్రం అలాగే ఆడారు. కాస్మోస్ ముందు గోల్ కొట్టింది. శ్యామ్ థాపా వెంటనే సమం చేశాడు. తర్వాత హబీబ్ కొట్టాడు. 2-1! పెలే ఉన్న జట్టు మీద ఆధిక్యం! ఆ క్షణంలో బజారంతా ఒకటే కేక. పూనకం వచ్చినట్టు ఎగురుతున్న మనుషుల్లో నాకు ఒక్క ముఖమే స్పష్టంగా గుర్తుంది. కాకూ గారిది. ఈస్ట్ బెంగాల్ మనిషి, మోహన్ బగాన్ గోల్‌కి ఎగరకూడదు. ఎగరలేదు కూడా. గొడుగు మూసి, పక్కకి తిరిగి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చివర్లో కాస్మోస్‌కి పెనాల్టీ వచ్చి 2-2 అయింది. ఆ పెనాల్టీ ఇవ్వకూడనిదని మా నాన్న పోయేదాకా వాదించాడు, రేడియోలో విన్న మనిషి!

వారం తిరక్కుండానే షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్‌ని మోహన్ బగాన్ ఓడించింది. అదే సీజన్‌లో రోవర్స్, డ్యూరాండ్ కూడా గెలిచి మూడు కప్పులూ ఒకే ఏడు ఎత్తిన మొదటి క్లబ్బు అయింది. మరుసటి రోజో ఆ మరుసటి రోజో వచ్చే తెలుగు పేపరు కోసం నేను స్టేషన్‌కి పరిగెత్తాను. పొడవాటి ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా పరిగెత్తితే దానికదే ఒక ప్రాక్టీసు. పేపర్లో పెలే ఉన్నాడు. హబీబ్ ఎక్కడో ఒక వాక్యంలో ఉన్నాడు. ఆ వాక్యం కత్తిరించి జామెట్రీ బాక్సు మూతకి అంటించుకున్నాను.

ఆయన ఆటని కళ్ళారా చూసింది ఒక్కసారే. మరుసటేడు, లీగ్ మ్యాచ్, మోహన్ బగాన్ గ్రౌండ్‌లో, ఏదో చిన్న జట్టు మీద. నాన్న పాసు మీద హౌరా వెళ్ళి, అక్కడి నుంచి మైదాన్‌కి నడిచాం. లైను సర్దడానికి గుర్రాల మీద పోలీసులు. గుర్రం ఊపిరి మెడ మీద తగిలితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. చెక్క గ్యాలరీ, కూర్చుంటే ముల్లు గుచ్చుకుంటుంది, అందుకే ఎవరూ కూర్చోరు. కాగితం పొట్లంలో ఝాల్‌మూడీ, అంటే కారం మరమరాలు, దాని మీద కొబ్బరి ముక్క.

రేడియోలో విని నేనొక పెద్ద విగ్రహాన్ని ఊహించుకున్నాను. గ్రౌండ్‌లోకి వచ్చినవాడు పొట్టిగా, సన్నగా ఉన్నాడు. "ఇతనేనా?" అన్నాను. నాన్న జవాబివ్వలేదు. ఆట మొదలయ్యాక నాకు గోల్ ఏదీ గుర్తులేదు, ఎవరు గెలిచారో కూడా నాన్న తర్వాత చెప్తేనే తెలుసు. గుర్తున్నది ఒక్కటే. బంతి హబీబ్ కాలి దగ్గర పోయింది. అవతలివాడు లాక్కుని మన గోల్ వైపు పరిగెత్తాడు. మామూలుగా ముందుండే ఆటగాడు బంతి పోతే నడుం మీద చేతులు పెట్టుకుని నించుంటాడు, వెనకాల వాళ్ళు చూసుకుంటారని. ఈయన తిరిగాడు. తల వంచుకుని, సగం గ్రౌండ్ వెంటపడి, మా గ్యాలరీ కిందే, సరిగ్గా మా కాళ్ళ కింద, బురదలో జారి బంతి తీసేసుకున్నాడు. లేచేటప్పుడు ఒక చెయ్యి నేలకి ఆనించాడు. ఆ చేతికి మోచేతిదాకా బురద. జెర్సీకి తుడుచుకోలేదు, విదిలించుకుని మళ్ళీ ముందుకి పరిగెత్తాడు. అంతా ఐదారు సెకన్లు. గ్యాలరీలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, గోల్ కాదు కదా. నాన్న మాత్రం నా వైపు తిరిగి, "సూసావా, ఉజ్జోగం," అన్నాడు.

తిరుగు రైల్లో ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. పాన్‌శ్‌కుడా దాటాక నిద్రపోయాడు.

1980లో హబీబ్ మళ్ళీ ఈస్ట్ బెంగాల్. ఈ రాకపోకలకి మేం అలవాటు పడిపోయాం, కాకూ గారూ అలవాటు పడ్డాడు. అదే ఏడు హబీబ్‌కి అర్జున అవార్డు వచ్చింది. అదే ఏడు ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో తొక్కిసలాట జరిగి పదహారు మంది చనిపోయారు. ఆట చూడడానికి వెళ్ళినవాళ్ళు. రేడియోలో ఆ వార్త విన్నాక అమ్మ మా ఇద్దరి చేతా తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. ఒట్టు ఎవరూ తీసెయ్యలేదు కాబట్టి నేను మళ్ళీ మైదాన్‌కి వెళ్ళలేదు. ఈలోగా క్రికెట్ వచ్చింది, 1983 వచ్చింది, టీవీ వచ్చింది. హబీబ్ ఎప్పుడు ఆట మానేశాడో ఆ హడావిడిలో నాకు తెలియనే లేదు. దాని గురించి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నేను రైల్వేలోనే చేరాను, గూడ్స్ గార్డుగా. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ మా లైను. బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా కూర్చుని, జెండా ఊపుతూ, సాల చెట్ల అడవుల మధ్య నుంచి బండి వెనకాల బండిలా పోవడం. 1987లో జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ పెట్టారు. కుర్రాళ్ళని హాస్టల్లో ఉంచి, తిండి పెట్టి, చదువు చెప్పించి ఆట నేర్పే చోటు, మన దేశంలో అలాంటిది అప్పటికి కొత్త. అక్కడ హబీబ్ కోచ్‌గా ఉన్నాడని గార్డులు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో వంటవాడు చెప్పాడు. అతనిది పురూలియా, ఫుట్‌బాల్ పిచ్చోడు.

ఒకరోజు తెల్లవారుజామున డ్యూటీ దిగి, నిద్రపోకుండా, యూనిఫాం మీదే వెళ్ళాను. ఇనుప కంచె బయట నించున్నాను. ఇరవై మంది దాకా పిల్లలు, పదిహేను పదహారేళ్ళ వాళ్ళు, మణిపూర్ ముఖాలు, గోవా ముఖాలు, సంతాల్ ముఖాలు. లైను దగ్గర విజిల్‌తో నించున్న మనిషిని నడకని బట్టే గుర్తుపట్టాను. కాస్త ఒళ్ళు చేశాడు. ఏమంటున్నాడో వినపడటం లేదు. ఒక పిల్లాడి చేత అదే పని మళ్ళీ మళ్ళీ చేయిస్తున్నాడు, బంతి అందుకోవడం, ఇచ్చేయడం, ఖాళీలోకి పరిగెత్తడం. ఎనిమిది సార్లు లెక్కపెట్టాను. తొమ్మిదోసారి పిల్లాడు ఎడమకాలితో ఇచ్చాడు. అప్పుడు వదిలాడు. రహీం సాబ్ ఎడమకాలి కథ చెప్పిన చాచా అప్పటికే పోయాడు, లేకపోతే ఖరగ్‌పూర్ వెళ్ళగానే మొదట ఆయనకి చెప్పి ఉండేవాణ్ణి.

లోపలికి వెళ్ళి పలకరిద్దామనే వెళ్ళాను. రాత్రంతా బ్రేక్ వ్యాన్‌లో మాటలు కూడా తయారు చేసుకున్నాను. మీరు హైదరాబాద్‌లో ఎక్కడ అని అడగాలి. ఆయన ఏదో పేట పేరు చెప్తాడు. నాకేం తెలుస్తుంది? నేను చూసిన హైదరాబాద్ చాచా మాటల్లోదే. పైగా నా హిందీ ఖరగ్‌పూర్ హిందీ, ఆయనది దక్కనీ ఉర్దూ. "మన ఊరు" అని నేను అన్నానంటే, ఏ ఊరు బాబూ అని ఆయన అడిగితే? కంచె పట్టుకుని అరగంట నించుని, డ్యూటీకి పిలిచే కాల్ బుక్ వచ్చే టైమైందని నాకు నేనే చెప్పుకుని వెనక్కి వచ్చేశాను. నిజానికి నా బండి సాయంత్రం నాలుగింటికి.

ఆ అకాడమీ నుంచి తర్వాత కార్ల్‌టన్ చాప్‌మన్, రెనెడీ సింగ్, మహేశ్ గావ్లీ లాంటివాళ్ళు వచ్చి దేశానికి ఆడారు. అది ఎవరి గొప్పతనం అని విడదీసి చెప్పలేం, అక్కడ చాలామంది కోచ్‌లు పనిచేశారు. నయీముద్దీన్ దారి వేరు. ఆయన పెద్ద క్లబ్బులకి కోచ్ అయ్యాడు. 1990లో ఈస్ట్ బెంగాల్‌కి షీల్డ్, రోవర్స్, డ్యూరాండ్ మూడూ గెలిపించాడు, ద్రోణాచార్య అందుకున్నాడు, జాతీయ జట్టుకీ కోచ్ అయ్యాడు. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య, రెండూ ఉన్న మనిషి. హబీబ్ కోచింగ్‌లో చెప్పుకోవడానికి అలాంటి జాబితా లేదు. టాటా తర్వాత హల్దియాలో ఐఎఫ్‌ఏ వాళ్ళ అకాడమీలో కూడా పిల్లలకే నేర్పాడు. పిల్లలకి నేర్పే కోచ్‌కి కప్పులు రావు. పిల్లలు పెద్దయ్యాక వేరే కోచ్ దగ్గర కప్పులు గెలుస్తారు. నా లెక్కలో మాత్రం రహీం పంతులు బడికి దగ్గరగా ఉన్నది ఈ పనే. ఇది నా పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు.

హల్దియా కూడా మాకు దూరం కాదు, అప్పట్లో మా మేదినీపూర్ జిల్లాలోదే. పాన్‌శ్‌కుడా నుంచి చీలే లైను. ఈసారి తప్పకుండా వెళ్తానని కాకూ గారి అబ్బాయితో ఎన్నిసార్లు అన్నానో. వాడు నా ఈడువాడే, స్కూల్లో టీచర్. "నువ్వు గార్డువి, ఎర్ర జెండా పట్టుకుని పుట్టావు, ఎక్కడికీ వెళ్ళవు," అనేవాడు. అన్నట్టే వెళ్ళలేదు.

2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ గెలిచింది. ఫైనల్ గోవాలో, కేరళ బ్లాస్టర్స్ మీద, పెనాల్టీల దాకా వెళ్ళింది. ఖరగ్‌పూర్‌లో ఫోన్లో చూస్తూ నేనొక్కణ్ణే కేక పెట్టాను. మా ఆవిడ పాలగిన్నె వదిలేసి వచ్చింది, ఏమైందోనని. ఏం చెప్పను? "మన హైదరాబాద్ గెలిచింది," అన్నాను. అచ్చం నాన్న గొంతే వచ్చింది.

2023 ఫిబ్రవరి 16న బలరాం పోయాడు, కలకత్తాలోనే. ఆటని మానేసిన అరవై ఏళ్ళ తర్వాత. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు, అది ఖరగ్‌పూర్ నుంచి పెద్ద దూరం కాదు. ఆ రోజు నాన్న ఫోటో ముందు నించుని చెప్పాను. పోయినవాళ్ళకి ఇలాంటివి చెప్పడం పిచ్చి అని తెలుసు.

మే నెలాఖరుకి నేను రిటైరయ్యాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. క్వార్టర్ ఖాళీ చేసి, సామానంతా లారీకెత్తి, ఇక్కడికి వచ్చేశాం. అరవై ఏళ్ళకి మొదటిసారి హైదరాబాద్‌లో కాలు పెట్టాను. మా ఇంట్లో ఈ ఊరి గురించి అన్నేళ్ళు మాట్లాడుకున్నది తలుచుకుంటే నవ్వొచ్చింది. చార్మినార్ కన్నా ముందు ఎల్బీ స్టేడియం చూపించమన్నాను అల్లుణ్ణి, అదే చాచా చెప్పిన ఫతే మైదాన్. గేటుకి తాళం వేసి ఉంది. బయటి నుంచే చూసి, బషీర్‌బాగ్‌లో ఇరానీ చాయ్ తాగి వచ్చాం. హబీబ్ ఇదే ఊళ్ళో ఉన్నాడని, ఒంట్లో బాగాలేదని, పార్కిన్సన్స్ అని, మతిమరుపు కూడా వచ్చిందని అప్పటికే చదివాను. వానలు తగ్గాక ఇల్లు కనుక్కుని వెళ్దాం అనుకున్నాను. మతిమరుపు ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి 1978లో మీ చేతికి అంటిన బురద నాకు గుర్తుందని చెప్పొచ్చు అనుకున్నాను. ఆయనకి నేనెవరో తెలియకపోయినా ఫర్వాలేదు, ఎటూ తెలియదు కదా.

ఆగస్టు 15. అపార్ట్‌మెంట్ కింద జెండా ఎగరేశారు, పిల్లలకి చాక్లెట్లు, పెద్దవాళ్ళకి ఇడ్లీ వడ. నేను ప్లేటు పట్టుకుని నించున్నాను. సాయంత్రం ఫోన్లో వార్త వచ్చింది. మహమ్మద్ హబీబ్, 74 ఏళ్ళు.

మనవడు వచ్చి ఏమైంది తాతా అన్నాడు. వాడికి మెస్సీ తెలుసు, పోయినేడు వరల్డ్ కప్‌కి మెస్సీ చొక్కా కొనిచ్చాం. పెలేతో ఆడి గోల్ కొట్టినాయన పోయాడురా అన్నాను. "పెలే టీమ్‌లోనా?" అన్నాడు. కాదు, ఎదురు టీమ్‌లో అన్నాను. "మరి ఎవరు గెలిచారు?" అన్నాడు. డ్రా అన్నాను. వాడు డ్రా అంటే ఇష్టం లేనట్టు ముఖం పెట్టి వెళ్ళిపోయాడు.

రాత్రి ఖరగ్‌పూర్‌కి ఫోన్ చేశాను, కాకూ గారి అబ్బాయికి. మొదటి రింగుకే ఎత్తాడు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే, "మా హబీబ్-దా వెళ్ళిపోయాడు," అన్నాడు బెంగాలీలో. నాకెందుకో రోషం వచ్చింది. మీ హబీబ్ ఏమిటి, మీకు పెలే మీద గోల్ కొట్టాడా, అది మోహన్ బగాన్‌కి కదా అన్నాను. వాడు ఊరుకుంటాడా? వరసగా ఐదు లీగ్‌లు ఎవరికి గెలిచాడు, ప్యాంగ్యాంగ్‌ని ఎవరు కొట్టారు, పాస్ టెహరాన్‌ని ఎవరు కొట్టారు అని మొదలుపెట్టాడు. నేను 17 సెకన్లు అన్నాను. అది అక్బర్, హబీబ్ కాదు, నువ్వు ఆ గోల్ విననే లేదు, మీ రేడియో పాడైంది అన్నాడు. వాడికి అది కూడా గుర్తుంది. మా ఆవిడ లోపలి నుంచి వచ్చి, అర్ధరాత్రి ఎవరితో అండీ ఈ కొట్లాట అంది.